స్విచ్‌కి బొట్టు

మా హాల్లో స్విచ్‌బోర్డు మీద ఎనిమిది స్విచ్‌లున్నాయి. పైన నాలుగు, కింద నాలుగు. అన్నీ తెల్లవే, అన్నీ ఒకటే సైజు. ఈ ఇంటికొచ్చి పదకొండేళ్లయింది. ఇప్పటికీ ఫ్యాను వేద్దామని నొక్కితే బాల్కనీలో లైటు వెలుగుతుంది. ఇక చుట్టాల సంగతి చెప్పక్కర్లేదు. లేచి వెళ్లి ఒకటి నొక్కుతారు, ఏమీ కాదు. ఇంకోటి నొక్కుతారు, జీరో బల్బు వెలుగుతుంది. మూడోది నొక్కేసరికి వంటింట్లోంచి మా ఆవిడ కేక: "ఎవరండీ లైటార్పేశారు?" పాపం ఆ వచ్చినాయన వెనక్కి తిరిగి, తలగోక్కుంటూ ఒక నవ్వు నవ్వుతాడు. ఏదో తన తెలివితక్కువతనం బయటపడినట్టు.

నిజానికి ఆయన తప్పేమీ లేదు. ఒకేలా ఉన్న ఎనిమిదింటిలో కావలసినది ఎక్కడుందో తెలియకపోతే, ఒక్కొక్కటే నొక్కుకుంటూ పోవడం తప్ప దారి లేదు. అదృష్టం బాగుంటే మొదటిసారే దొరుకుతుంది, లేకపోతే ఎనిమిదోసారి. సగటు లెక్క కడితే నాలుగున్నర సార్లు. ఎంత చదువుకున్నవాడికైనా అంతే.

ఈ వరస ఎలా పెట్టారని ఒకసారి ఎలక్ట్రీషియన్ని అడిగాను. "వరసేముంది సార్, పైపులోంచి ఏ వైరు ముందొస్తే దాన్ని బిగించేస్తాం" అన్నాడు. అబద్ధం ఆడలేదు, అందుకు సంతోషించాను.

రెండేళ్ల కిందట మా అత్తయ్య కంటి ఆపరేషన్ కోసం వచ్చి నెల రోజులు మా ఇంట్లో ఉంది. రెండో రోజు పొద్దున చూస్తే బోర్డు మీద కింది వరసలో మూడో స్విచ్‌కి ఒక బొట్టుబిళ్ల అంటించి ఉంది. మామూలు స్టిక్కర్ కూడా కాదు, మధ్యలో తెల్లరాయి ఉన్నది, పెళ్లిళ్లకి పెట్టుకునే రకం. అద్దం మీద నుంచి తీసి పెట్టింది. మామూలుది పెడితే సరిపోయేదిగా అన్నాను. "రాత్రిపూట ఏం కనపడుతుంది బాబూ? చేతికి తగలాలి కదా" అంది. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఫ్యాను విషయంలో ఎవరూ పొరపాటు పడలేదు. చుట్టాలు కూడా. ఎవరూ చెప్పకపోయినా, బొట్టున్నది ముఖ్యమైనదే అయ్యుంటుందని అందరికీ తోచింది. ఎండాకాలంలో మన ఇళ్లల్లో ఫ్యాను కంటే ముఖ్యమైనది ఏముంటుంది?

అత్తయ్యకి తెలియదుగానీ, ఆమె చేసిన పనికి యుద్ధకాలం నాటి చరిత్ర ఉంది.

1943లో అమెరికా సైన్యానికి ఒక వింత సమస్య వచ్చిపడింది. బీ-17 అనే పెద్ద బాంబర్ విమానాలు క్షేమంగా నేల మీదికి దిగి, రన్‌వే మీద పరుగెడుతూ పరుగెడుతూ ఉన్నట్టుండి పొట్ట మీద కూలబడేవి. చూస్తే ఇంజిన్ బాగానే ఉంది, చక్రాలూ బాగానే ఉన్నాయి. పైలటే చేజేతులా చక్రాలని లోపలికి ముడిచేశాడు. ఇలాంటివాటిని పైలట్ల తప్పిదాలుగా రాసుకునేవారు. సైన్యంలో కొత్తగా చేరిన ఆల్ఫోన్స్ చపానిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కాక్‌పిట్‌లోకి ఎక్కి చూశాడు. దిగాక రెక్కల వెనకంచుల్ని, అంటే ఫ్లాపుల్ని, పైకి లాక్కోవాలి. దానికో మీట ఉంది. చక్రాల్ని ముడిచేందుకు ఇంకో మీట. రెండూ పక్కపక్కనే ఉన్నాయి, పట్టుకుంటే రెండూ ఒకేలా తగులుతాయి. గంటల తరబడి ఎగిరి, అలసిపోయి, చూపు రన్‌వే మీదుండగా చెయ్యి చాపిన మనిషికి ఏది అందుతుందో చెప్పగలిగేది ఎవరు? సీ-47 అనే మరో రకం విమానంలో ఈ రెండు మీటలూ వేరువేరుగా ఉండేవి. అక్కడ ఈ గోలే లేదు.

చపానిస్ పైలట్లకి మళ్లీ శిక్షణ ఇవ్వమని రాయలేదు. చక్రాల మీట కొసకి చిన్న రబ్బరు చక్రం తగిలించాడు, ఫ్లాపుల మీటకి త్రికోణంలాంటి ముక్క. కళ్లతో చూడనక్కర్లేకుండా చేతికి తెలుస్తుంది. ఆ తర్వాత ఆ కూలబడడాలు ఆగిపోయాయి. ఇవాళ మీరు శంషాబాద్‌లో ఎక్కే ప్రయాణికుల విమానంలో కూడా చక్రాల మీటకి చక్రం ఆకారపు పిడే ఉంటుంది. మా అత్తయ్య బొట్టుకి అది పెద్దన్న.

ఈ చపానిస్ యుద్ధం అయ్యాక వంటింట్లోకి కూడా తొంగిచూశాడు. 1959లో లిండెన్‌బామ్ అనే సహచరుడితో కలిసి నాలుగు బర్నర్ల స్టవ్ మీద ఒక ప్రయోగం చేశాడు. బర్నర్లేమో రెండు ముందు, రెండు వెనక, చదరంగా ఉంటాయి. నాబ్‌లేమో ముందువైపు ఒకే వరసలో. ఎడమ చివరి నాబ్ ముందు బర్నర్‌దా, వెనక దానిదా? వాళ్లు నాలుగు అమరికలు తయారుచేశారు. మూడింటిలో బర్నర్లు చదరంగానే ఉంచి నాబ్‌ల వరస మార్చి చూశారు. ఎలా మార్చినా జనం తప్పులు చేస్తూనే ఉన్నారు. నాలుగోదాంట్లో వెనక బర్నర్లని కొద్దిగా పక్కకి జరిపారంతే. ఇప్పుడు ఎడమ నుంచి కుడికి చూస్తే నాలుగు బర్నర్లూ నాబ్‌ల వరసలోనే కనిపిస్తాయి. ఆ అమరికతో 1200 సార్లు ప్రయత్నిస్తే ఒక్క తప్పు కూడా రాలేదు.

ఇది తెలిసి అరవై ఏళ్లు దాటింది. బజారుకెళ్లి నాలుగు పొయ్యిల గాజు స్టవ్ చూడండి. చదరమే! నాబ్ పక్కన నాలుగు చుక్కల బొమ్మ వేసి, ఒక చుక్కకి రంగు నింపి, మన ఖర్మకి మనల్ని వదిలేస్తారు. పాలు పొంగుతుంటే ఆ చుక్కలు ఎవరు చదువుతారండీ? రెండు పొయ్యిల పాత స్టవ్‌తో ఈ బాధ లేదు. ఎడమ నాబ్ ఎడమ పొయ్యికి, కుడి నాబ్ కుడి పొయ్యికి. దాని గురించి ఎవరూ ఆలోచించనైనా ఆలోచించరు. బాగా చేసిన వస్తువుకి దక్కే బహుమానం అదే కాబోలు, దాన్నెవరూ పట్టించుకోకపోవడం.

స్విచ్‌ల దగ్గరికే మళ్లీ వస్తాను. మన దేశంలో స్విచ్ కిందికి నొక్కితే ఆన్. ఇది ఇంగ్లండ్ వాళ్ల పద్ధతి. అమెరికాలో పైకెత్తితే ఆన్. డాలస్ నుంచి మా తమ్ముడొచ్చిన మొదటి రెండు రోజులూ గదిలోంచి బయటికొస్తూ అలవాటుగా స్విచ్‌ని కిందికి నొక్కేస్తాడు. అది ఎలాగూ కిందికే ఉంది, లైటు వెలుగుతూనే ఉంటుంది. అమ్మ వెనకాలే తిరుగుతూ ఆర్పుతుంది. వాడు తిరిగి వెళ్లాక వారం రోజులు అక్కడ ఇదే కథ తలకిందులుగా నడుస్తుందట. వేళ్లకి కూడా పౌరసత్వం ఉంటుందన్నమాట.

ఇదే తలనొప్పి డొనాల్డ్ నార్మన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తకీ వచ్చింది. ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో కొన్ని నెలలు ఉన్నప్పుడు అక్కడి స్విచ్‌లు, కుళాయిలు, తలుపులు ఆయన్ని ఏడిపించాయి. అంతకుముందే, 1979లో త్రీ మైల్ ఐలండ్ అణువిద్యుత్ కేంద్రంలో ప్రమాదం జరిగినప్పుడు, ఆపరేటర్లు ఎందుకు పొరబడ్డారో తేల్చడానికి పిలిచినవాళ్లలో ఆయనొకరు. కంట్రోల్ రూమ్ అమరికే మనుషులు పొరబడేలా ఉందని అక్కడ తేలింది. అణుకేంద్రంలో చూసిందీ, అద్దింటి కుళాయి దగ్గర చూసిందీ ఒకటేనని 1988లో ఆయన రాసిన పుస్తకం రోజువారీ వస్తువుల గురించిన చర్చని మార్చేసింది. లాగాల్సిన తలుపుని నెట్టేలా చేసే తలుపులకి ఇప్పటికీ ఆయన పేరే వాడతారు. మన బ్యాంకుల గాజు తలుపులు గుర్తుతెచ్చుకోండి. రెండు వైపులా నిలువు పిడి ఉంటుంది. పిడిని చూడగానే చెయ్యి లాగుతుంది. లాగితే రాదు. అప్పుడు తలెత్తి చూస్తే 'నెట్టుము' అని రాసి ఉంటుంది. తలుపుకి ఒక మాట రాసి పెట్టాల్సి వచ్చిందంటే, ఆ తలుపు ఓడిపోయినట్టే.

వస్తువులు మనతో మాట్లాడతాయనే ఆలోచన నార్మన్‌కి జేమ్స్ గిబ్సన్ అనే మరో మనస్తత్వ శాస్త్రవేత్త నుంచి వచ్చింది. మోకాలెత్తు గట్టు కూర్చోమంటుందనీ, పిడి పట్టుకోమంటుందనీ, చదునైన నేల నడవమంటుందనీ ఆయన అనేవాడు. ఇది మనకి కొత్తేం కాదు. పాత పెంకుటిళ్లకి అరుగులుండేవి. దారినపోయేవాడు ఎవరైనా సరే, ఎండకి అలసి ఆ అరుగు మీద కూర్చుంటే ఎవరూ ఏమీ అనేవారు కాదు. ఇప్పటి ఇళ్లకి అరుగు లేదు, గాజుపెంకులు గుచ్చిన ప్రహరీ ఉంది. కొన్ని దుకాణాల మెట్ల అంచున ఇనప ముళ్లు కూడా బిగిస్తున్నారు, ఎవరూ కూర్చోకుండా. ఆ మెట్టూ మాట్లాడుతోంది, తిట్టినట్టు.

న్యూయార్క్‌లో విలియం వైట్ అనే ఆయన 1970లలో ఇదే సంగతి మీద ఏళ్ల తరబడి కూర్చున్నాడు. మేడల మీద కెమెరాలు పెట్టి, కింద ఖాళీ ఆవరణల్లో జనం ఎక్కడ చేరుతున్నారో సినిమా తీశాడు. ఎండ వల్లా? చెట్ల వల్లా? స్థలం ఆకారం వల్లా? అన్నీ కొలిచి చూశాక ఆయనకి తేలిందేమిటంటే, కూర్చునే చోటున్నచోట జనం కూర్చుంటారు! తన మీద తనే నవ్వుకున్నాడు. కానీ ఆయన పట్టుకున్న చిన్న విషయాలు నాకింకా ఇష్టం. జరుపుకోగలిగే కుర్చీ దొరికితే మనిషి కూర్చునేముందు దాన్ని బెత్తెడు అటో ఇటో జరుపుతాడు, అవసరం లేకపోయినా. ఇద్దరు తెలిసినవాళ్లు ఎదురుపడితే పక్కకి తప్పుకోరు, సరిగ్గా జనం నడిచే దారి మధ్యలోనే నిలబడి కబుర్లు చెప్పుకుంటారు. ఇది చదివాక నాకు కొంచెం ఊరట కలిగింది. కల్యాణమండపం గుమ్మంలో అడ్డంగా నిలబడి "ఎన్నాళ్లకి కనపడ్డావురా" అనుకునే జబ్బు మన ఒక్కళ్లదే అనుకునేవాణ్ని.

ఇక వీధిలోకి వెళదాం. మన హైదరాబాద్ జనానికి నడవడం రాదనీ, ఫుట్‌పాత్ ఉండగా రోడ్డు మీద నడుస్తారనీ కార్లవాళ్ల ఫిర్యాదు. మొన్న ఆదివారం టేపు పట్టుకుని మా వీధి ఫుట్‌పాత్ కొలిచాను. ఇడ్లీబండి ఆయన నన్ను మున్సిపాలిటీ మనిషిననుకుని బండి వెనక్కి జరిపాడు. కాదని చెప్పాక మళ్లీ ముందుకి జరిపాడు. పాదచారుల సౌకర్యాల మీద ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లో తెచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఫుట్‌పాత్ అంచు ఎత్తు 15 సెంటీమీటర్లు మించకూడదు. మా వీధిలో ఒకచోట 33 సెంటీమీటర్లుంది. మెట్టుకి రెట్టింపు! కింద మురుగుకాలవ, దాని మీద స్లాబు, స్లాబు మీద టైల్స్. పైగా స్కూటర్లు ఎక్కకూడదని ఇంకాస్త లేపినట్టున్నారు. ప్రతి ఇంటి గేటు దగ్గర కారు లోపలికి వెళ్లేందుకు ఫుట్‌పాత్‌ని కోసి వాలు చేశారు. రెండొందల అడుగుల దూరంలో అలాంటివి తొమ్మిది లెక్కపెట్టాను. అంటే మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ ఆ రెండొందల అడుగులూ ఫుట్‌పాత్ మీదే నడవాలంటే తొమ్మిదిసార్లు దిగి, తొమ్మిదిసార్లు ఎక్కాలి. పక్కనే రోడ్డు చదునుగా ఉంది. ఆవిడ రోడ్డు మీద నడుస్తుంది. వెనకనుంచి హారన్.

రోడ్డు దాటే వంతెనలదీ ఇదే లెక్క. వంతెన కింద లారీలు పోవాలంటే ఐదున్నర మీటర్ల ఖాళీ ఉండాలి. పైన దిమ్మ మందం కలిపితే ఆరు మీటర్లు. 15 సెంటీమీటర్ల మెట్లయితే నలభై ఎక్కాలి, నలభై దిగాలి. కింద రోడ్డు వెడల్పు ఇరవై మీటర్లనుకోండి. మామూలు మనిషి సెకనుకి 1.2 మీటర్లు నడుస్తాడని ఇంజినీర్లు లెక్కేస్తారు. నేరుగా దాటితే పదిహేడు సెకన్లు. వంతెన ఎక్కి దిగడానికి, సంచీ లేకుండా, నాకు పట్టింది నిమిషం యాభై సెకన్లు. జనానికి క్రమశిక్షణ లేదనే ముందు ఇంకో చోటికి కూడా వెళ్లి చూడాలి. మెట్రో స్టేషన్లలో ఎస్కలేటర్ నడుస్తున్నచోట, రైలెక్కే పని లేనివాళ్లు కూడా అటు ఎక్కి ఇటు దిగుతారు. అదే ఊరు, అదే జనం.

వంతెన ఎక్కనివాళ్లు దాటే తీరు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక అరగంట నిలబడి చూడండి. మొదట ఒక అడుగు కిందికి దించి ఆగుతారు. కుడిచెయ్యి నడుం ఎత్తులో చాపుతారు, అరచెయ్యి బళ్లవైపు, వేళ్లు కొద్దిగా కిందికి. ఆగమని ఆజ్ఞాపించడం కాదది, కాస్త నెమ్మదించమని అడగడం. బండివాడు ఆగడు, పక్కకి తిప్పుకుంటాడు. అతను వెనకనుంచి పోవాలో ముందునుంచి పోవాలో తేల్చుకోవాలంటే నడిచేవాడు ఒకే వేగంతో నడవాలి. పరుగెత్తకూడదు, మధ్యలో వెనక్కి అసలే తగ్గకూడదు. ఊరికి కొత్తగా వచ్చినవాళ్లకి పాతవాళ్లు ముందుగా నేర్పేది ఇదే: "పరిగెత్తకు, చెయ్యి చూపించి నడువు." సిగ్నల్ లేనిచోట జనం చేత్తో తయారుచేసుకున్న సిగ్నల్ అది. దీన్ని మెచ్చుకోవాలో భయపడాలో నాకు తెలియదు. నా కూతురు దాటుతుంటే మాత్రం భయమే.

బొట్టుబిళ్లలు ఊరంతా ఉన్నాయి, చూసే కన్నుండాలి. అన్నిటికంటే పెద్దది మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా ఉంది. పదకొండున్నర కిలోమీటర్లకి పైగా సాగే పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే 2009లో తెరిచారు. ఆకాశంలో కారు దూసుకుపోవడానికి కట్టిన వంతెన అది. కింద స్తంభాల మీద వేసిన నంబర్లు దాన్ని చూసుకునే ఇంజినీర్ల కోసం. కానీ వంతెన కింద బతికేవాళ్లు ఆ అంకెల్ని లాగేసుకున్నారు. అత్తాపూర్‌లో టిఫిన్ సెంటర్ బోర్డు మీద, పెళ్లిపత్రిక మీద, డాక్టరు చీటీ మీద పిల్లర్ నంబరే అడ్రసు. మన ఇంటినంబర్లు వార్డు, బ్లాకు, గీత కింద ఇంకో గీత అన్నట్టు సాగుతాయి. పక్కింటి నంబరు తెలిసినా మనింటి నంబరు ఊహించలేం. పిల్లర్లు అలా కాదు. పెద్దవి, దూరం నుంచి కనిపిస్తాయి, ఎవరూ పీకి పక్కన పెట్టలేరు, అన్నిటికంటే ముఖ్యంగా వరసలో ఉంటాయి. ఎదురుగా 90 కనిపించి, వెళ్లాల్సింది 120కి అయితే, ఇంకో పిల్లర్ చూస్తే చాలు, ముందుకో వెనక్కో తెలిసిపోతుంది. మెట్రో వచ్చాక ఆ దారుల్లోనూ ఇదే అలవాటు పాకింది.

ఊరు మనిషి తలలో ఎలా నిలుస్తుందో కెవిన్ లించ్ అనే నగర ప్రణాళికా నిపుణుడు 1960లోనే రాశాడు. బోస్టన్, జెర్సీ సిటీ, లాస్ ఏంజెలిస్ జనాన్ని అడిగి చూస్తే వాళ్ల తలల్లో ఉన్నవి దారులు, అంచులు, పేటలు, కూడళ్లు, కొండగుర్తులు. కొండగుర్తు! ఎంత మంచి మాట మనది. కొండల్ని పగలగొట్టి అపార్ట్‌మెంట్లు కట్టుకున్న ఊళ్లో ఇప్పుడు స్తంభాలే కొండలు.

అయితే జనం పెట్టుకున్న గుర్తులన్నీ ముద్దొచ్చేవేం కాదు. ఆర్టీసీ బస్సు ఆగీఆగకముందే కిటికీలోంచి సీటు మీద కర్చీఫ్ వేస్తాం. గాలి కోసం పెట్టిన కిటికీ అది. కానీ లోపలున్న అపరిచితులు కూడా ఆ గుడ్డముక్కకి విలువిస్తారు, సీటు మీద హక్కు దస్తావేజు అన్నట్టు. రాజకీయాల్లోకి కూడా ఎక్కింది ఈ మాట: ఫలానా నాయకుడు ఆ పదవి మీద అప్పుడే కర్చీఫ్ వేశాడంటాం. పద్ధతి చక్కగానే నడుస్తుంది, కిటికీ ఎత్తుకి చెయ్యి అందేవాళ్లకి. చంకలో పిల్లాణ్ని ఎత్తుకుని తలుపు దగ్గర తోసుకుంటున్న మనిషికి ఆ కర్చీఫ్ సంగతి చెప్పి చూడండి.

గోడమూలల దేవుళ్లంటే నాకు ఇంకా చిరాకు. ఎవరూ మూత్రం పోయకుండా వినాయకుడు, సాయిబాబా, మక్కా, యేసు బొమ్మల టైల్స్ వరసగా అంటిస్తారు. పనిచేస్తుంది, కాదనను. ఆ గోడ ఆరిపోతుంది. పది అడుగుల అవతల ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మ తడుస్తుంది. ఒక మూలనుంచి దగ్గర్లో ఉన్న మరుగుదొడ్డికి నేనే నడిచి చూశాను. పన్నెండు నిమిషాలు. తాళం వేసి ఉంది. ఆటోడ్రైవరుకి అక్కడ దేవుడు చెప్పేది ఇక్కడ వద్దని మాత్రమే. ఎక్కడో చెప్పడు.

సంక్రాంతికి ముందు ఇంటికి రంగులు వేయించాం. పెయింటర్ బోర్డుకి మరకలంటకుండా కాగితం అంటించి, పని అయ్యాక పీకేశాడు. కాగితంతో పాటు బొట్టు కూడా ఊడిపోయింది. శుభ్రంగా తుడిచి, కొత్త బోర్డులా మెరిపించి వెళ్లాడు. ఆ సాయంత్రం ఫ్యాను వేయబోయి మా ఆవిడ బాల్కనీ లైటు వేసింది, నేను జీరో బల్బు వేశాను. భోజనాలయ్యాక మా అమ్మాయి తన గదిలోకి వెళ్లి, ఏదో వెతికి తెచ్చి, కింది వరసలో మూడో స్విచ్ మీద గట్టిగా అదిమిపెట్టింది. చూస్తే ఫోను వెనక పిల్లలు అంటించుకునే స్టిక్కర్, ఉబ్బెత్తు పిల్లిబొమ్మ.

అత్తయ్యకి వీడియోకాల్‌లో చూపించాం. ఫోను కళ్లకి దగ్గరగా పెట్టుకుని కాసేపు చూసింది. "దాని చెవులు గుచ్చుకుంటాయేమో చూసుకోండమ్మా" అంది.